ఉబ్బసమునకు హెచ్చరిక పత్రము

గోదావరి మండలములవారికి వరద క్రొత్త గాదు. వానకాలమున ఎగువనుండి ఎఱ్ఱనీరు దిగివచ్చునప్పుడు ధవళేశ్వరమువద్ద ఆనకట్ట నీటిమట్టమును గంటగంటకును కనిపెట్టి చూచుచుందురు. ఆ మట్టము 11.75 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరికను, 13.75 అడుగులకు చేరగానే రెండవదానిని, 17.75 అడుగులకు చేరగానే మూడవదానిని ప్రకటింతురు. ఏ హెచ్చరిక వెలువడినపుడు ఎవరేమి చేయవలయునో ముందుగనే నిర్ణయమై యుండును. ఏటిగట్లకు కాపలా పెట్టుట యెప్పుడు, లంకలలోని వారిని ఒడ్డునకు చేర్చుట యెప్పుడు అను విషయములను వరద వచ్చిన రాత్రి కూర్చుండి చర్చింపరు. నీరు గడప దాటిన పిదప ఆలోచనకు తీరిక యుండదు గదా!

మనుష్యుని ఊపిరికిని ఇట్టి వరద యొకటి కలదు. దానినే మనవారు ఉబ్బసమనియు, ఆయాసమనియు, వైద్యులు ఆస్తమా యనియు పిలుచుచున్నారు. వరదవలెనే అదియు తఱచుగా ముందు కొన్ని గుర్తులను చూపియే వచ్చును. వరదకువలెనే దానికిని మట్టములను నిర్ణయించి, ఏ మట్టమునందు ఏమి చేయవలయునో ముందుగా వ్రాసి యుంచుకొనవచ్చును. వైద్యుడును రోగియు కలసి వ్రాసికొనిన అట్టి కాగితమునే కార్యప్రణాళిక యందురు. ఇంటి గోడకు వ్రేలాడు ఆ చిన్న కాగితము ఒక ప్రాణమును కాపాడగలదు. అది యెట్లో తెలిసికొందము.

పాలకొల్లు పట్టణమున ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలిక నొకతెను ఊహించుకొనుడు. శ్రావణమాసము. మూడు దినములనుండి ముసురు పట్టియున్నది. ఇంటి గోడలు చెమ్మగిల్లి మూలల బూజు పట్టినది. బాలికకు జలుబు చేసినది. మొదటి రాత్రి రెండుమారులు దగ్గుతో మేల్కొనినది. రెండవ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. పగటిపూట మేడమెట్లు ఎక్కునపుడు కొంచెము ఆయాసపడినది. ఎవరును పట్టించుకొనలేదు. మూడవ రాత్రి రెండు గంటలవేళ ఆమె లేచి కూర్చుండి, రెండు చేతులను మంచముపై ఆనించి, ఎగయూపిరితో బాధపడసాగినది. రొమ్మునుండి పిల్లికూతలు వినవచ్చుచున్నవి.

నాయనమ్మ కర్పూరతైలము వెచ్చచేసి వీపునకు రాచినది. తల్లి వేడినీళ్లు త్రాగించినది. గాలి పీల్పించు మందు ఇంటిలోనే కలదు. కాని దానికి అలవాటు పడినచో జన్మమంతయు విడువదని మేనమామ అడ్డుపడెను. తెల్లవారిన పిదప వైద్యునియొద్దకు పోవుదమని తండ్రి అనెను. ఆ యింట ప్రేమకు కొఱత లేదు, కొఱతయెల్ల నిర్ణయమునకే. అట్టి రాత్రులయందు ఒక్కొక్క గంట ఆలస్యమే ప్రాణాపాయమునకు కారణమగుచుండును.

ఈ వ్యాధియందు శరీరములో జరుగున దేమి? మనము పీల్చిన గాలి కంఠనాళముగుండ దిగి, రెండు పాయలై, ఆ పాయలు మఱల చీలి చీలి, ఊపిరితిత్తులంతట వ్యాపించును. పెద్దకాలువనుండి పిల్లకాలువలు, పిల్లకాలువలనుండి బోదెలు చీలి ప్రతి మడికిని నీరు చేరునట్లే, ఈ శ్వాసనాళములగుండ ప్రతి చిన్న గాలితిత్తికిని గాలి చేరుచున్నది. ఉబ్బసరోగికి ఈ నాళముల లోపలిపొర దీర్ఘకాలముగా వాచియుండును. ఆరోగ్యవంతునికి ఏ హానియు చేయని కొద్దిపాటి పొగగాని, దుమ్ముగాని, జలుబుగాని తగిలినంతనే ఆ పొర మఱింత వాచును; నాళముల చుట్టునున్న కండరములు బిగిసికొనును; లోపల చిక్కని శ్లేష్మము చేరును. కాలువగట్లు లోనికి జరిగి, అడుగున ఒండ్రు పేరుకొని, పైగా తూము తలుపు సగము మూయబడినచో పొలమునకు నీరెట్లు పాఱును? ఇరుకైన ఆ దారులగుండ గాలి పోవునపుడు కలుగు ధ్వనియే పిల్లికూత. ఈ రోగమునందు గాలిని లోనికి పీల్చుటకంటె వెలికి విడుచుటయే ఎక్కువ కష్టము.

మన పూర్వులు ఈ వ్యాధిని చక్కగా గమనించిరి. చరకసంహితయందు శ్వాసరోగములు ఐదు విధములుగా చెప్పబడినవి. వానిలో తమకశ్వాస మనునది నేటి ఉబ్బసమును పోలియున్నది. మబ్బు, వాన, చలి, తూర్పుగాలి అను వానివలన ఆ బాధ హెచ్చుననియు, పండుకొనినపుడు పెరిగి కూర్చుండినపుడు కొంత సుఖము కలుగుననియు ఆ గ్రంథము తెలుపుచున్నది. మన బాలిక మంచముపై లేచి కూర్చుండుట ఈ కారణము చేతనే.

అయితే పిల్లికూత వినబడిన ప్రతిచోటను ఉబ్బసమే యని తలంపరాదు. డెల్టాప్రాంతమువారికి బోదకాలు చిరపరిచితము. దోమకాటువలన సంక్రమించు ఆ పురుగుల సూక్ష్మశిశువులపై కొందఱి శరీరము మిక్కిలి తీవ్రముగా ప్రతిఘటించుటచే, రాత్రులయందు పొడిదగ్గును, ఆయాసమును, పిల్లికూతలును కలుగును. చూచుట కది అచ్చముగా ఉబ్బసమువలెనే యుండును. భారతదేశములోని రోగులను పరీక్షించి 1943లో వైన్‌గార్టెన్ అను వైద్యుడు దానికి ఉష్ణమండల ఇసినోఫీలియా యని పేరిడెను. దానికి ఉబ్బసపు మందులు చాలవు. డైఇథైల్ కార్బమజీన్ అను మందు కావలయును. ఆ మందు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున రూపొందినది. ఆ మహాశాస్త్రవేత్త 1895లో జన్మించినది పాలకొల్లునకు చేరువనున్న భీమవరముననే యని తెలిసినచో ఈ ప్రాంతపు విద్యార్థులు గర్వింపక యుందురా? కావున మొదట వైద్యునిచే రోగనిర్ణయము చేయించుకొనవలయును. ప్రణాళిక ఆ తరువాతి మాట.

ఉబ్బసమునకు వాడు మందులు ముఖ్యముగా రెండు విధములు. మొదటిది ఉపశమనపు మందు. ఇది బిగిసిన కండరములను కొన్ని నిమిషములలో సడలించి ఊపిరి ఆడునట్లు చేయును. 1969లో వాడుకలోనికి వచ్చిన సాల్బ్యుటమాల్ ఇట్టిది. రెండవది నియంత్రణపు మందు. ఇది నాళముల వాపును మెల్లగా తగ్గించును. దీని ఫలము వెంటనే కనబడదు. అందుచే జనులు దీనిని నిర్లక్ష్యము చేయుదురు. మొదటిది మంటపై చల్లు నీరు. రెండవది మంటలు పుట్టకుండ చేయు జాగ్రత్త. కేవలము ఉపశమనపు మందుపైననే ఆధారపడి కాలము గడపుట క్షేమము కాదనియు, పెద్దలకును పన్నెండేండ్లు దాటినవారికిని వాపును తగ్గించు మందుకూడ తప్పక యుండవలయుననియు 2019లో అంతర్జాతీయ ఉబ్బస నిపుణుల సంస్థ స్పష్టముగా తెలిపినది.

ఈ మందులను గాలితో పీల్చుకొను చిన్న పరికరమునకు ఒక ముచ్చట కలదు. 1955లో అమెరికాలో రైకర్ అను మందుల సంస్థకు అధ్యక్షుడైన జార్జి మెయిసన్ కుమార్తెకు పదుమూడేండ్లు. ఆమె ఉబ్బసరోగి. ఆనాడు మందును గాజుసీసాలోనుండి రబ్బరుబుడ్డితో నొక్కి పీల్చవలసి వచ్చెడిది. తలకు చల్లుకొను సుగంధద్రవ్యము డబ్బాలో వచ్చుచుండగా నా మందు మాత్రము అట్లేల రాకూడదని ఆ బాలిక తండ్రిని ప్రశ్నించెనని చెప్పుదురు. మఱుసటి సంవత్సరమే, అనగా 1956లో, నొక్కినపుడెల్ల ఒకే మోతాదును విడుచు ఇన్‌హేలర్ విపణిలోనికి వచ్చెను. మీ యీడు బాలిక వేసిన చిన్న ప్రశ్న లోకమునకెల్ల మేలు చేసినది.

పీల్చు మందు అలవాటుగా మాఱి మనుష్యుని బానిసను చేయునను భయము నిరాధారము. అది మత్తుమందు కాదు. మాత్రగా మ్రింగినచో మందు శరీరమంతట తిరుగవలయును. పీల్చినచో నేరుగా ఊపిరితిత్తులకు చేరును గనుక మిక్కిలి స్వల్పమైన మోతాదే చాలును. అయితే పీల్చు విధానమును వైద్యునిచేతనో నర్సుచేతనో చూపించుకొని నేర్చుకొనవలయును. బాలురు మందుడబ్బాకు స్పేసర్ అను గొట్టమును తగిలించి పీల్చుట మేలు. నియంత్రణపు మందును పీల్చిన పిదప నోరు పుక్కిలించుట మఱువరాదు.

ఇంక ఊపిరి మట్టమును కొలుచు టెట్లు? 1959లో ఇంగ్లండునకు చెందిన బేసిల్ మార్టిన్ రైట్ అను శాస్త్రవేత్త, మనుష్యుడు బలముగా ఊదినపుడు గాలి ఎంత వేగముతో వెలువడునో కొలుచు సాధనమును ప్రకటించెను. తరువాత అది చేతిలో ఇముడు చిన్న గొట్టముగా మాఱినది. దానిని పీక్ ఫ్లో మీటరు అందురు. ఆరోగ్యముగా నున్న దినములలో రెండు వారములపాటు ఉదయసాయంకాలములందు ఊది, వచ్చిన అంకెలను వ్రాసికొనవలయును. వానిలో పెద్ద అంకెయే ఆ మనుష్యుని ఉత్తమమట్టము. ఒక బాలికకు అది నిమిషమునకు 300 లీటర్లు కావచ్చును; ఆమె అన్నకు 450 కావచ్చును. ఒకరి మట్టము మఱియొకరికి చెల్లదు. సాధనము లేనివారు విచారింప నక్కరలేదు. దగ్గు, నిద్రాభంగము, ఆటలో అలసట, ఉపశమనపు మందు వాడవలసివచ్చిన మార్లు అను గుర్తులనుబట్టియు ప్రణాళికను వ్రాయవచ్చును. పిల్లల విషయమున ఈ గుర్తులే ఎక్కువగా ఉపయోగపడును.

ఇప్పుడు కార్యప్రణాళికను పరిశీలింతము. అందు సాధారణముగా మూడు భాగము లుండును. జ్ఞాపకముండుటకై వానికి ఆకుపచ్చ, పసుపు, ఎఱుపు రంగులు వేయుదురు.

ఆకుపచ్చ భాగము క్షేమదశను తెలుపును. రాత్రి నిద్ర చెడదు, దగ్గుండదు, ఆటపాటలకు అడ్డుండదు, ఊదిన అంకె ఉత్తమమట్టములో నూటికి 80కి తగ్గదు. 300 ఉత్తమమట్టముగా గల బాలికకు ఇది 240. ఈ దశయందు చేయవలసినది, నియంత్రణపు మందును వైద్యుడు చెప్పిన విధముగా మానక వాడుట. బాధ లేదు గదా యని మందు మానుట, వరద లేదు గదా యని ఏటిగట్టును త్రవ్వుకొనుటవంటిది.

పసుపు భాగము మొదటి హెచ్చరిక. జలుబు చేయుట, రాత్రి దగ్గుతో మేల్కొనుట, మెట్లెక్కునపుడు ఆయాసము, రొమ్ము పట్టివేసినట్లుండుట, ఉపశమనపు మందు మాటిమాటికి కావలసివచ్చుట దీని గుర్తులు. అంకె నూటికి 50కిని 80కిని నడుమ నుండును. అనగా మన బాలికకు 150కిని 240కిని నడుమ. ఏ మందును ఎన్నిమారులు పీల్చవలయునో, ఏ మందును ఎన్నిదినములు పెంచవలయునో, ఎంతకాలములో గుణము కనబడనిచో వైద్యునియొద్దకు పోవలయునో వైద్యుడు తన చేతితో ఇచట వ్రాయును. ప్రణాళికలో అన్నిటికంటె విలువైనది ఈ భాగమే. ఏలయన ఆపదను మరలింపగల సమయ మిదియే.

ఎఱుపు భాగము ప్రమాదదశ. ఒక వాక్యమును తెగకుండ పలుకలేకపోవుట, ఊపిరి పీల్చునపుడు ప్రక్కటెముకల నడుమను మెడక్రిందను చర్మము లోనికి పోవుట, పెదవులు నీలివర్ణమగుట, మందు పీల్చినను గుణము లేకపోవుట లేక కొలదిసేపటికే మఱల బాధ తిరుగబెట్టుట దీని గుర్తులు. అంకె నూటికి 50కి లోబడును. ఇచట ఒక విషయమును ముఖ్యముగా గుర్తుంచుకొనవలయును. బాధపడుచున్న రోగికి పిల్లికూత హఠాత్తుగా ఆగిపోయి, అతడు మగతగా నున్నచో, అది నయమగుట కాదు; ధ్వని చేయుటకైనను చాలినంత గాలి ఆడుట లేదని అర్థము. ఈ దశయందు రోగిని పండుకొనబెట్టరాదు. నిటారుగా కూర్చుండబెట్టి, పత్రమున వ్రాసిన మోతాదులో ఉపశమనపు మందును పీల్పించుచు, వెంటనే 108కి ఫోను చేయవలయును. 2005లో మన రాష్ట్రమున ప్రారంభమైన ఈ అంబులెన్సు సేవకు రుసుము లేదు. తెల్లవారుటకై వేచియుండుట యను మాట ఈ భాగమున లేదు.

ప్రణాళికను వ్యక్తిగత మనుట ఏల? మందులేగాక, బాధను రేపు కారణములుకూడ మనుష్యునిబట్టి మాఱును గనుక. పాలకొల్లు ప్రాంతమున వరిపంట, కొబ్బరి తోటలు, బియ్యపు మిల్లులు జీవనాధారములు. ఒకరికి నూర్పిళ్లనాటి ధూళి పడదు; ఒకరికి కొబ్బరిపీచు దుమ్ము పడదు. కోతల అనంతరము వరిదుబ్బులకు నిప్పు పెట్టినపుడు లేచు పొగ, దోమలచుట్ట పొగ, సాంబ్రాణి ధూపము, భోగిమంట, దీపావళి మందుగుండు కొందఱికి శత్రువులు. మఱికొందఱికి వానకాలపు గోడబూజును, పరుపులలోని కంటికి కనబడని దుమ్ముపురుగులును కారణములు. పలువురు పిల్లలకు జలుబే మూలము. తన శత్రు వెవరో కనిపెట్టి తన పత్రమున వ్రాసికొనవలయును. పెరుగును, అరటిపండును, కొబ్బరినీళ్లను అందఱకును మాన్పించుట మన యిండ్లలో పరిపాటి. నిదర్శన మేమియు లేక పెరుగు బిడ్డకు పోషకాహారమును మాన్పించుట మేలు కాదు. ఆటలనుకూడ మాన్పింపరాదు, వ్యాధి అదుపునందున్నచో ఆటలు ఊపిరికి మేలే చేయును.

మృగశిరకార్తె ప్రవేశించునాడు హైదరాబాదున చేపమందు కొఱకై వేలకొలది జనులు చేరుట మీరు వినియుందురు. దానివలన ఉబ్బసము నయమగునని శాస్త్రీయముగా నిరూపింపబడలేదు. నమ్మికతో పోవువారిని నిందింప నక్కరలేదు. కాని ఆ నమ్మికతో నియంత్రణపు మందును మానివేసినచో అపాయము తప్పదు.

ఈ వ్రాతపత్రముల పద్ధతి ఎట్లు వచ్చినది? 1970వ సంవత్సరము తరువాత న్యూజీలాండులో ఉబ్బస మరణములు హఠాత్తుగా హెచ్చెను. వైద్యులు కారణములను వెదకిరి. ఆనాడు వాడుకలోనున్న ఫెనోటెరాల్ అను మందుపై అనుమానము కలిగి, 1989లో దాని వాడుకను నియంత్రించిరి. దానితోపాటు వేఱొక సత్యము బయటపడినది. పలు సందర్భములలో రోగియు, ఇంటివారును ఆపద తీవ్రతను గ్రహింపక, సహాయమును కోరుటలో జాప్యము చేసిరి. 1989లోనే ఆస్ట్రేలియా, న్యూజీలాండు వైద్యులు ప్రతి రోగికిని ప్రత్యేక ప్రణాళిక నిచ్చు విధానమును ప్రకటించిరి. 1993లో ప్రపంచారోగ్యసంస్థ తోడ్పాటుతో ఏర్పడిన అంతర్జాతీయ ఉబ్బస సంస్థ దానిని లోకమున వ్యాపింపజేసినది. స్వయముగా పరిశీలించుకొనుట, వ్రాసిన ప్రణాళిక, క్రమముగా వైద్యుని దర్శనము అను మూడును కలసినపుడు ఆసుపత్రి పాలగుటయు, రాత్రి మేల్కొనుటయు, పని మానుటయు తగ్గునని పలు దేశముల పరిశోధనలు తెలిపినవి. మూడును కలసినపుడే యను మాట మఱువరాదు. వ్రాసి పెట్టెలో దాచిన కాగితము ఎవరినిని రక్షింపదు.

ఇంక మన బాలికయొద్దకు మఱల పోవుదము. ఆ యింట ప్రణాళికాపత్రము ఉన్నచో ఏమి జరిగియుండును? మొదటి రాత్రి దగ్గుతో మేల్కొనిన మఱునాడే ఆమె పత్రమును చూచి, అమ్మా, నేను పసుపులో నున్నాను అని చెప్పియుండును. తల్లి అందు వ్రాసిన విధముగా మందు నిచ్చియుండును. మూడవ రాత్రి బహుశః రాకయే పోయెడిది. వచ్చినను, నాయనమ్మ ఆమెను ఆనించి కూర్చుండబెట్టగా, తల్లి మందు పీల్పింపగా, తండ్రి 108కి ఫోను చేసియుండెడివాడు. మేనమామ వాదించుటకు అవకాశ ముండెడిది కాదు. ఏలయన ఆ వాదము వైద్యుని సమక్షమున, పగటివేళ, అందఱును నిర్మలచిత్తులై యున్నపుడే ముగిసియుండెడిది. ఆ యింటివారే, ఆ ప్రేమయే. మాఱినది ఒక్క కాగితము మాత్రమే.

మీలో ఎవరికైన ఉబ్బస మున్నచో అది సిగ్గుపడవలసిన విషయము కాదు. వైద్యు నడిగి పత్రమును వ్రాయించుకొనుడు. ఒక ప్రతిని ఇంట అందఱకు కనబడుచోట అంటించి, మఱియొక ప్రతిని బడిలో ఉపాధ్యాయునికి ఇండు. సంవత్సరమున కొకమారైనను, జబ్బు హెచ్చిన ప్రతిమారును, వైద్యునిచే దానిని సరిచూపించుకొనుడు. మీరు పెరుగుచుందురు గనుక మీ మట్టములును మాఱుచుండును. మీ స్నేహితునికి ఉబ్బస మున్నచో అతని ఎఱుపు గుర్తులను మీరును తెలిసికొనుడు. అతడు మాటాడలేని వేళ అతనికి బదులు మాటాడవలసినవారు మీరే.

ధవళేశ్వరమున వ్రాసిన మూడు అంకెలు వరదను ఆపజాలవు. కాని వానిని చదువనేర్చినవారు సకాలమున గట్టెక్కుచున్నారు. ఊపిరి విషయమునను అంతే.